జమే తప్ప ఖర్చు రాయని పద్దు

నా ఎడమ చెవి వెనక గోరంత నల్లమచ్చ ఉంది. 1980 ఫిబ్రవరి 16న మధ్యాహ్నం సూర్యగ్రహణం పట్టేనాటికి నేను అమ్మ కడుపులో అయిదో నెల. సోంపేట దగ్గర మా ఊళ్లో అమ్మని నడింట్లో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, తలుపులూ కిటికీలూ బిగించి, విడుపు అయ్యేదాకా కదలొద్దన్నారట. చెవి వెనక దురద పుడితే ఒక్కసారి గోక్కుందట. ఆ గోరు పడినచోటే నా మచ్చ. చిన్నప్పుడు తల దువ్వినప్పుడల్లా ఈ కథ చెప్పేది. చెబుతూ చెబుతూ ఆ మచ్చని బొటనవేలితో రుద్దేది, తను చేసిన తప్పేదో చెరిపేద్దామన్నట్టు.

ఇప్పుడు నేను విజయనగరం జిల్లాలో ఒక సర్కారు హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను. దేవుణ్ణి నమ్మను. ఈ రెండో సంగతి తెలిస్తే మావైపు ఎవరూ కొట్టరు, తిట్టరు. నవ్వుతారు. "పోన్లెండి మాస్టారూ, వయసొస్తే మీరే మారతారు" అంటారు. నలభై అయిదు దాటాయి, జుట్టు నెరిసింది, ఇంకా ఎప్పుడొస్తుందో ఆ వయసు.

2010 జనవరి 15. కనుమ. ఆ రోజే సూర్యగ్రహణం కూడా. కనుమ నాడు మినుము తినాలంటారు, గ్రహణం వేళ పచ్చి మంచినీళ్లు ముట్టకూడదంటారు. రెండు శాస్త్రాలు ఒకేరోజు ఢీకొంటే ఏది గెలుస్తుందా అని నాకు లోపల ఉబలాటం. గ్రహణమే గెలిచింది. ఊరగాయ జాడీల మీద దర్భలు పడ్డాయి. పొద్దున్నే వేసిన గారెల గిన్నె మీదా ఒకటి పడింది. నా భార్యకి అప్పుడు ఆరో నెల. ఒంటిగంట దాటేసరికి నీరసంగా గోడకి జారగిలబడి "ఆకలేస్తోందండీ" అంది.

గిన్నె తీసుకుని, ఆమెని చెయ్యి పట్టుకుని పెరట్లో పనసచెట్టు కిందకి తీసుకొచ్చాను. ఆకుల సందుల్లోంచి నేలమీద పడే ఎండ రోజూ గుండ్రటి చుక్కలుగా పడుతుంది. ఆవేళ ప్రతి చుక్కా నెలవంకే. తొట్టి గోడ మీద, బట్టలుతికే బండ మీద, ఆమె చీర మీద, పొట్ట మీద, వందల నెలవంకలు. గాలికి ఆకులు కదిలితే అన్నీ ఒక్కసారి కదిలేవి. సూదిబెజ్జం కెమెరా గురించి ఎన్నేళ్లుగానో పాఠం చెబుతున్నా, చెట్టు నిండా అవే ఉంటాయని ఆ రోజే చూశాను. ఆమె రెండు గారెలు తిని, మూడోది చేత్తో పట్టుకుని నేల వంక చూస్తూ ఉండిపోయింది. వంటింటి కిటికీ రెక్క జానెడు తెరుచుకుంది. "ఓరి నాయినా, గుంటకి ఏటైనా అయితే నువ్వు తెస్తావేటి?" అని అమ్మ అక్కణ్నించే కేక.

ఏప్రిల్లో కొడుకు పుట్టాడు. పెదవి చక్కగా ఉంది. పై పెదవి చీలికతో పుడితే మన భాషలో దాని పేరే గ్రహణం మొర్రి. రోగానికి పేరు పెట్టేటప్పుడే నేరం ఎవరిదో రాసేసుకున్నాం. నిజానికి బిడ్డ పెదవి రెండో నెల దాటకుండానే కలిసిపోతుంది. ఆరో నెలలో సూర్యుడికి ఏది అడ్డొచ్చినా దాన్ని చీల్చలేదు. ఇదంతా అమ్మకి ముందే చెప్పాను. పురుడు గదిలోంచి బయటికొచ్చిన అమ్మ మొహం వెలిగిపోతోంది. "సూసావా? నాను అమ్మోరికి మొక్కుకోబట్టి గుంటడు సక్కగున్నాడు."

నా నాస్తికత్వం గట్టిపడింది ఏ పుస్తకం చదివో కాదు, ఆ మాట విన్న దగ్గర్నించి. మొర్రి వస్తే గ్రహణం నిజం, రాకపోతే మొక్కు నిజం. మా ఊరి కిరాణా కొట్టు పద్దు పుస్తకంలో కూడా జమ ఒక వైపు, ఖర్చు ఒక వైపు ఉంటాయి. దేవుడి పద్దులో ఒకటే గడి. పరీక్ష పాసైతే దయ, తప్పితే పరీక్ష పెట్టాడు. బతికితే కాపాడాడు, పోతే పిలిపించుకున్నాడు. ఇలాంటి పుస్తకాన్ని ఏ ఆడిటరూ సంతకం పెట్టి ఇవ్వడు. కానీ మన ఇళ్లూ ఊళ్లూ ఈ పద్దు మీదే నడుస్తున్నాయి. అంతవరకూ అయితే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. రాజకీయ నాయకులకి ఈ పద్దు ఎంత సుఖమో అర్థమైపోయింది. అదీ నా బాధ.

మా అమ్మకి ప్రశ్నించడం రాక కాదు. అది ముందు చెప్పాలి. అదే ఏడాది జులై 14న సోంపేట బీలలో, అంటే చిత్తడి నేలల్లో, థర్మల్ ప్లాంటు పెట్టడానికి వీల్లేదని ఊళ్లకి ఊళ్లు కదిలితే, ఆ గుంపులో మా అమ్మ కూడా ఉంది. పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు పోయారు. అమ్మ మోకాలికి దెబ్బ తగిలి ఇంటికొచ్చి, పసుపు కట్టుకుంటూ కలెక్టరు దగ్గర్నించి కంపెనీ దాకా అందరినీ కడిగేసింది. ఆ నీళ్లు ఎవరివి, ఆ చేపలు ఎవరివి, కాగితం ఎవరిచ్చారు అని నిలదీసింది. ప్లాంటు రాలేదు. జనవరిలో సూర్యుడికి భయపడి కిటికీ మూసుకున్న మనిషి జులైలో తుపాకీకి భయపడలేదు. ప్రభుత్వం దగ్గర ఇంత నిక్కచ్చిగా లెక్క అడిగే మనిషి, మధ్యలోకి దేవుడు వచ్చేసరికి పుస్తకం మూసేస్తుంది.

నాన్న సంగతి కూడా చెప్పకపోతే ఇది అర్థం కాదు. ఉద్దానం పేరు మీరు వినే ఉంటారు. సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడిమామిడి, పనస. ఎటు చూసినా పచ్చదనం, ఇంటికొకరికి కిడ్నీ జబ్బు అన్నట్టుంటుంది. కారణం ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా చేసే కష్టమన్నారు. శ్రీలంకలో వరి పండించే రైతులకీ, మధ్య అమెరికాలో చెరకు నరికే కూలీలకీ ఇలాంటిదే వస్తోంది. మా ఊళ్లో ఇద్దరు కలిస్తే "క్రియాటిన్ ఎంతుంది?" అని అడుగుతారు, మిగతా ఊళ్లలో పిల్లల మార్కులు అడిగినట్టు. కిడ్నీ ఎంత పాడైందో చెప్పే రక్తపరీక్ష అంకె అది.

నాన్నకి ఆ అంకె నాలుగు దాటినప్పుడు ఇంటికొచ్చిన మొదటి సలహా నెఫ్రాలజిస్టు దగ్గర్నించి కాదు. ఒక సిద్ధాంతి గారు శని చూపు అన్నారు. హోమానికి పద్దెనిమిది వేలు. అప్పటికి విశాఖపట్నం వెళ్లి డయాలిసిస్ చేయించుకురావాలంటే ఆ డబ్బుతో చాలా ప్రయాణాలు అయ్యేవి. మా పెదనాన్న కొడుకుదీ ఇదే జబ్బు. వాడు చర్చిలో చేరాడు. స్వస్థత కూటంలో నూనె రాసి, విశ్వాసం ఉంటే మాత్రలెందుకు అన్నారు. మూడు నెలలు మానేశాడు. నాన్న పోయాడు, వాడూ పోయాడు. హోమం చేసిన ఆయన "కర్మశేషం" అన్నాడు. కూటం పెట్టిన ఆయన "విశ్వాసం చాల్లేదు" అన్నాడు. గుడి వేరు, చర్చి వేరు, పద్దు రాసే పద్ధతి మాత్రం అక్షరం తేడా లేదు. నాస్తికులు ఒక్క మతాన్నే అంటారని నన్ను తప్పుపట్టేవాళ్లకి నేను చూపించేది మా ఇంటి గోడ మీది రెండు ఫోటోలు.

ఇప్పుడు రాజకీయానికి వద్దాం. 2017లో ఉద్దానం కిడ్నీ బాధితుల మాట రాష్ట్రమంతా వినపడేలా చేసింది పవన్ కల్యాణ్. ఇచ్ఛాపురం వచ్చి రోగుల్ని కూర్చోబెట్టి మాట్లాడించాడు, తర్వాత బయటి దేశపు డాక్టర్లనీ తీసుకొచ్చాడు. నేను చప్పట్లు కొట్టినవాణ్ణే. ఆ ఒత్తిడి అలా అలా పెరిగి, వేరే పార్టీ ప్రభుత్వంలో 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, ఉద్దానానికి మంచినీటి పథకం వచ్చాయి. అడిగితే వచ్చాయి. దేవుడి పేర ఉపవాసం ఉంటే రాలేదు.

2024 సెప్టెంబరు. తిరుపతి లడ్డూ నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందని ముఖ్యమంత్రి అన్నారు. అదే పవన్ కల్యాణ్, ఈసారి ఉపముఖ్యమంత్రిగా, 11 రోజుల ప్రాయశ్చిత్త దీక్ష పట్టారు. నెయ్యిలో కల్తీ ఉందా లేదా అన్నది లేబరేటరీ తేల్చాల్సిన ముక్క. టెండరు ఎవరికిచ్చారు, ట్యాంకరు ఎక్కడ పరీక్షించారు, రిపోర్టు ఎవరి బల్ల మీద ఆగింది అనేవి అధికారులు జవాబు చెప్పాల్సిన ముక్కలు. దీక్ష పట్టగానే ఆ ప్రశ్నలన్నీ వెనక్కి పోయి, హిందువుల మనోభావాలు ముందుకొచ్చి కూర్చున్నాయి. చివరికి సుప్రీంకోర్టు, కనీసం దేవుళ్లనైనా రాజకీయాలకి దూరంగా ఉంచండని మందలించి, అక్టోబరు 4న సీబీఐ అధికారులతో, ఆహార భద్రతా సంస్థ ప్రతినిధితో సిట్ వేసింది. నెయ్యి శుద్ధి కోసం దేశపు అత్యున్నత న్యాయస్థానం అంత కదిలినందుకు నాకు అభ్యంతరం లేదు. ఉద్దానం రోగుల కోసం 2018లో ఆయనే ఒకరోజు నిరాహార దీక్ష చేశారు, కాదనను. కానీ మా ఊరి బోరు నీళ్ల కోసం ఏ నాయకుడూ ప్రాయశ్చిత్త దీక్ష పట్టలేదు, అంతే. పట్టాల్సిన అవసరం లేదు కూడా. నీళ్లలో వాళ్ల మనోభావాలు లేవు.

మాకు దగ్గర్లోనే రామతీర్థం ఉంది. 2020 డిసెంబరు చివర్లో కొండమీది కోదండరాముడి విగ్రహం తల ఎవరో నరికేశారు. అది నేరం. చేసినవాణ్ణి పట్టుకోవాలి, శిక్ష వెయ్యాలి. నాస్తికుణ్ణయినా ఇందులో నాకు రెండో మాట లేదు. కానీ 2021 జనవరి 2న ఆ చిన్న ఊళ్లో జరిగింది దర్యాప్తు కాదు, తిరనాళ్లు. ఒకే రోజు ప్రతిపక్ష నాయకుడు, అధికార పక్షం ఎంపీ కొండకి బయల్దేరారు. జెండాలు, నినాదాలు, కార్ల మీద దాడి. ఆలయ ధర్మకర్త పదవి నుంచి అశోక్ గజపతిరాజుని ప్రభుత్వం తీసేసింది. అదే ఏడాది చివర్లో కొత్త గుడికి శంకుస్థాపన చేసినప్పుడు శిలాఫలకం దగ్గర మంత్రులకీ అశోక్ గజపతిరాజుకీ తోపులాట. రాముడి తల ఎవరు తీశారన్నది పక్కకి పోయింది. రాయి మీద పేరెవరిదన్నది మిగిలింది. అదే ఊళ్లో, కోదండరాముడి కొండకి ఎదురుగా గురుభక్తుల కొండ ఉంది, దుర్గకొండ ఉంది. బౌద్ధులవీ జైనులవీ శిథిలాలు. మా పిల్లల్ని విహారయాత్రకని అక్కడికి తీసుకెళ్తాను. ఏ నాయకుడి కాన్వాయీ అటు తిరగడం చూడలేదు. బుద్ధుడి ఇటుకలకి ఈ జిల్లాలో ఓట్లు లేవు.

భోగాపురం విమానాశ్రయం ముచ్చట కూడా చెప్పి ముందుకెళ్తాను. 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి మళ్లీ శంకుస్థాపన చేశారు. ఒకే రన్‌వేకి రెండు ముహూర్తాలు, రెండు శిలాఫలకాలు. మొదటి ముహూర్తం బలం చాల్లేదేమో అని పంచాంగకర్తలెవరూ నోరు విప్పలేదు. ఇది మరీ చిన్న విషయమంటారా? నేనూ అదే అంటాను, నవ్వుకుని వదిలేస్తాను. కానీ భూసేకరణలో పొలం పోయినవాళ్లు పూజ జరుగుతున్నప్పుడు పరిహారం ఊసెత్తితే అపశకునం పలికినట్టు చూస్తారు. కొబ్బరికాయకి ఆ పని కూడా తెలుసు.

చట్టంలో లోటు లేదు. పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధ కూడదని 28వ అధికరణం చెబుతోంది. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి ప్రాథమిక విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చారు. మతం పేరు చెప్పి ఓటడగడం అవినీతి కిందకే వస్తుందని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం, నలుగురు ఒకవైపు ముగ్గురు ఒకవైపు అయినా, తేల్చింది. మా బడిలో ఈ ప్రాథమిక విధుల చార్టు గోడకుంది. దాని మీద సరస్వతీదేవి ఫోటో కోసం కొట్టిన మేకుకి వేలాడే దండ ఆ వాక్యం మీదికే జారుతుంది. ఎన్నిసార్లు జరిపినా గాలికి మళ్లీ అక్కడికే.

ఆ బడిలోనే ఒక ఏడాది లేబరేటరీ సామాను పెట్టెలు ఆషాఢంలో వచ్చాయి. శ్రావణంలో తెరుద్దాం మాస్టారూ అన్నారు పెద్దలు. మూడు వారాలు స్టాఫ్ రూములో పెట్టెల మీద టిఫిన్ క్యారియర్లు పెట్టుకున్నాం. మంచిరోజు రాగానే కొబ్బరికాయ కొట్టి, అన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టారు. బీకర్లకీ, బర్నర్‌కీ, ఆఖరికి కుంభాకార కటకానికి కూడా నడిమధ్యన నిండైన బొట్టు. నాకు ఒళ్లు మండింది. తుడిచెయ్యబోయి, ఆగి, దాన్ని అలాగే స్టాండుకి బిగించాను. పదో తరగతి పిల్లల్ని పిలిచి "ఈ బొట్టున్న కటకంతో కొవ్వొత్తి బొమ్మ తెర మీద ఎలా పడుతుంది?" అని అడిగాను. మధ్యలో బొక్క పడుతుందన్నారు కొందరు. పైసగం పోతుందన్నారు ఇంకొందరు. వెలిగించి చూపించాను. కొవ్వొత్తి మొత్తం పడింది, తలకిందులుగా, అంగుళం తక్కువ కాకుండా. వెలుతురే తగ్గింది. వెనక బెంచీ పిల్ల ఒకతి లేచి, తన ఓణీ కొసతో బొట్టు తుడిచి, తెర వైపు చూసి "ఇప్పుడు బాగుంది సార్" అంది. మరుసటి రోజు వాళ్ల నాన్న బడికొచ్చి దేవుడి బొట్టు తుడిపించారట అని పేచీ పెట్టాడు. నేను క్షమాపణ చెప్పలేదు. కాకపోతే ఆ ఏడాది నాకు ఇన్విజిలేషన్ డ్యూటీలు కాస్త ఎక్కువ పడ్డాయి.

బొట్టు గొడవ బొట్టుతో పోతుంది. చిల్లంగి, అంటే చేతబడి నింద, అలా పోదు. మా రెండు జిల్లాల్లో ఇప్పటికీ పశువు చచ్చినా పిల్లకి జ్వరమొచ్చినా ఊరిచివర ఒంటరి ముసలమ్మ వైపు చూసే చూపులున్నాయి. చిల్లంగి పెట్టిందన్న అనుమానంతో మనుషుల్ని చంపిన కేసులు మన్యంలో కొత్త కాదు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. అక్కడ మంత్రగత్తె అని ముద్ర వేసి వేధించడాన్ని ఆపడానికి 2013లోనే ప్రత్యేక చట్టం చేశారు. అదే ఏడాది మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ని కాల్చి చంపాక మహారాష్ట్ర చట్టం చేసింది. కర్ణాటక 2017లో చేసింది. మనకి లేదు. గుళ్లకి పట్టువస్త్రాలు పంపడం, పాస్టర్లకీ ఇమాములకీ గౌరవవేతనం పెంచడం పార్టీల మేనిఫెస్టోల్లో ఉంటుంది. చిల్లంగి నెపంతో చచ్చిపోయే ముసలమ్మకి మేనిఫెస్టో లేదు.

మా నాస్తికుల మీద కూడా ఒక మాట. మా సభలకి పాతికమంది వస్తారు, అందులో ఇరవైమంది పోయిన సభకొచ్చినవాళ్లే. ఒక పెద్దాయన మైకు పట్టుకుంటే గంటన్నర వదలడు. పైడితల్లి సిరిమాను మూఢనమ్మకం అని ఆయన తీర్మానిస్తుంటే నేను మెల్లగా బయటికి జారుకుంటాను. దసరా వెళ్లాక మంగళవారం నాడు నేను ఆ జాతర చూడకుండా ఉండలేను. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, జాలరి వల. చింతమాను కొసన పూజారి ఆకాశంలో ఊగుతూ వస్తుంటే కింద నుంచి అరటిపళ్లు ఎగురుతుంటాయి. ఒకటి నా భుజానికి తగిలింది కూడా. బొబ్బిలి యుద్ధం జరిగిన 1757 నుంచి నడిచొచ్చిన కథ అది. ఆ యుద్ధంలో పోయిన అన్న, విజయనగరం రాజు, కోసం ఏడ్చిన చెల్లెలు పైడితల్లిని ఒక ఊరు ఇంతకాలం గుర్తుపెట్టుకుంది. దాన్ని నేనెందుకు చెరిపెయ్యాలి? నా తగువు అమ్మవారితో కాదు. ఏ పార్టీవాళ్లు ఏ మేడ మీంచి చూడాలి, పాసులెన్ని అనే లెక్కలతో.

విజయనగరంలోనే పుట్టిన సరస్వతి గోరా, భర్త గోరాతో కలిసి నాస్తిక కేంద్రం నడిపింది, నిప్పుల మీద నడిచి చూపించింది. చూలాలిగా ఉండి గ్రహణం వేళ ఆరుబయట తిరిగింది. నా భార్య గారెలు తిన్నదానికి ఎన్నో దశాబ్దాల ముందు మాట అది. ఆమె పేరు మా ఊళ్లో పదో తరగతి పిల్లల్ని అడిగి చూశాను. ఎవరూ చెప్పలేదు.

ఇక 2025. జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాట, ఆరుగురు. ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో గోడ కూలి ఏడుగురు. నవంబరు 1న, కార్తీక ఏకాదశి శనివారం, కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి గుడిలో కమ్మీ విరిగి, తొక్కిసలాటలో తొమ్మిది మంది, దాదాపు అంతా ఆడవాళ్లే. ఇరవై రెండు ప్రాణాలు. గోడ ఎవరు కట్టారు, ఎంత సిమెంటు వేశారు, ఎంతమంది పడతారో లెక్కేశారా, లోపలికీ బయటికీ ఎన్ని దారులు: ఇవి సినిమా హాలుకైనా అడుగుతాం. గుడి దగ్గర అడిగితే "ఏకాదశి నాడు పోయారు, పుణ్యాత్ములు" అనే గొంతు ఎవరిదో ఒకరిది లేస్తుంది. అధికారి తల దించుకోనక్కర్లేదు. ఎక్స్‌గ్రేషియా ప్రకటించి, సంతాపం చెప్పి, విచారణ వేసి వెళ్లిపోతారు.

ఆ శనివారం మా అమ్మ కాశీబుగ్గ వెళ్లాల్సింది. వీధి ఆడవాళ్లంతా ఆటో మాట్లాడుకున్నారు. బీలలో దెబ్బ తగిలిన మోకాలే ఆవేళ లేవనివ్వలేదు. వార్త తెలిసి నేను ఊరు చేరేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఆటోలో వెళ్లినవాళ్లు క్షేమంగానే తిరిగొచ్చారు. "అమ్మోరే ఆపినాది నన్ను" అంది. ఆ తొమ్మిది మందినీ ఎందుకు ఆపలేదమ్మా అని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. టీవీలో విరిగిన ఇనపకమ్మీ మాటిమాటికీ చూపిస్తున్నారు. చాలాసేపు చూసి, నా వైపు తిరగకుండానే, "ఆ కమ్మీ బిగించినోడెవుడురా?" అంది.

తర్వాత శనివారం ఇంకో గుడికి తీసుకెళ్లమంది. బండి మీద నేనే తీసుకెళ్లాను. నేను మెట్ల దగ్గరే ఆగిపోయాను, ఎప్పట్లాగే. అమ్మ చెప్పులు విప్పి, పక్కనున్న కమ్మీని రెండు చేతుల్తో పట్టుకుని గట్టిగా ఊపి చూసింది. కదల్లేదు. అప్పుడు ఎక్కింది.